తప్పిన మాట బరువు ఎవరి మీద పడుతుంది?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు
జవాబులు రాసేది: శ్రీకాకుళంలో ఉంటున్న రిటైర్డ్ స్టాఫ్ నర్సు, సండే స్కూలు టీచరు

ప్రశ్న: అమ్మగారికి ప్రభువు నామంలో వందనాలు. మాది కవిటి మండలంలో ఒక ఊరు. మా ఆయనకు నలభై ఆరేళ్లు. కిడ్నీలు పాడై రెండేళ్ల నుంచి డయాలసిస్ మీద ఉన్నారు. వారానికి మూడుసార్లు సోంపేట తీసుకెళ్తాను. ఆరు నెలల కిందట పక్క ఊళ్లో ఒక దైవజనుడు మందిరం పెట్టి స్వస్థత కూడికలు జరుపుతున్నారు. మా అత్తగారు, మా ఆయన అక్కడికి వెళ్తున్నారు. ఈ జబ్బు మీ తాతలు చేసిన పూజల వల్ల తగిలిన శాపమని, మిషను మీద నమ్మకం పెట్టుకున్నవాళ్లను దేవుడు ముట్టడని ఆయన అంటారు. ప్రార్థన చేసిన కొబ్బరిబొండాలు ఇచ్చి పొద్దున్న ఒకటి, రాత్రి ఒకటి తాగమన్నారు. డయాలసిస్ వాళ్లకు వచ్చే 10,000 రూపాయల పింఛను ఈ నెల మొత్తం విశ్వాస విత్తనంగా వేయమన్నారు. మందస నుంచి వచ్చిన ఒకాయన డయాలసిస్ మానేసి నాలుగు నెలలైందని స్టేజి మీద సాక్ష్యం చెప్పాడు. తిత్లీ తుఫాను సంగతి కూడా ఈ దైవజనుడు ముందే చెప్పాడంటారు. పోయిన వారం మా ఆయన రెండుసార్లు డయాలసిస్‌కి రానన్నారు. కాళ్లు వాచాయి. నేను అనుమానంగా మాట్లాడితే మా అత్తగారు "ఏటే, దేవుడికే లెక్క అడుగుతావా" అంటారు. ఆయన చెప్పేవన్నీ బైబిల్లో మాటలే, తీసేది యేసు పేరే. అనుమానించడం పాపమా? ఏది దేవుని మాటో ఏది కాదో నాలాంటి పెద్దగా చదువుకోనిదానికి ఎలా తెలుస్తుంది?
– ఒక సోదరి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం అందిన సాయంత్రమే మీరిచ్చిన నంబరుకు ఫోన్ చేశాను. రెండు డయాలసిస్‌లు తప్పి కాళ్లు వాచిన మనిషి విషయం పత్రిక అచ్చయ్యేదాకా ఆగదు. ఫోన్లో చెప్పినవీ, అప్పుడు చెప్పడానికి వీలుపడనివీ మీ అనుమతితో ఇక్కడ రాస్తున్నాను. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న మన ఉద్దానం ప్రాంతంలో ఇలాంటి ఇల్లు మీదొక్కటే కాదు.

ముందు కొబ్బరినీళ్ల సంగతి. వాటిలో పొటాషియం ఎక్కువ. కిడ్నీలు బాగున్నవాళ్లకు అది మూత్రంలో పోతుంది. మీ ఆయనలాంటివాళ్లకు రక్తంలోనే నిలిచిపోతుంది. మోతాదు మించితే గుండె లయ తప్పుతుంది, ఒక్కోసారి ముందు ఏ సూచనా లేకుండానే ఆగిపోతుంది. పైగా రోజుకు ఇన్ని నీళ్లే తాగాలని లెక్క ఉన్న మనిషి. ఆ రెండు బొండాల నీళ్లు కాళ్లలోకీ ఊపిరితిత్తుల్లోకీ చేరతాయి. కొబ్బరితోటల మధ్య పుట్టి పెరిగిన మనిషికి బొండం వద్దని చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు, వార్డులో ఎంతమందికో చెప్పాను. మీ దైవజనుడికి ఈ సంగతి తెలియకపోయి ఉండవచ్చు. తెలియనివాడు రోగికి ఏం తాగాలో చెప్పకూడదు.

ఇంకొకటి చేయండి. డయాలసిస్ సూదులు గుచ్చడానికి రక్తనాళాలు కలిపి మీ ఆయన చేతికి పెట్టిన ఫిస్టులా మీద మీ రెండు వేళ్లు ఆనించి చూడండి. డబ్బాలో పెట్టి మూసిన తుమ్మెదలా సన్నగా జుమ్మంటుంది. రక్తం సరిగా పారుతోందనడానికి అదే గుర్తు. డ్యూటీలో ఉన్నన్నాళ్లూ ఎన్ని చేతుల మీద వేళ్లు పెట్టానో, ఆ జుమ్మనేది తగిలిన ప్రతిసారీ మనసులో దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. నాలుగు గంటలపాటు రక్తాన్ని కడిగి పంపే ఆ మిషను దేవునికి పోటీ అని నాకు ఏనాడూ అనిపించలేదు. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడే. కొలొస్సయులకు రాసిన పత్రికలో పౌలు ఆయన్ని "ప్రియుడైన వైద్యుడు" అన్నాడు.

ఇక మీరు అడిగింది. అనుమానించడం పాపం కాదమ్మా, పరీక్షించమని మనకు ఆజ్ఞ ఉంది. "ప్రతి ఆత్మను నమ్మక, ఆ యా ఆత్మలు దేవుని సంబంధమైనవో కావో పరీక్షించుడి" అని యోహాను మొదటి పత్రిక నాలుగో అధ్యాయం మొదటి వచనం. బెరయ ఊరివాళ్లు సాక్షాత్తు పౌలు చెప్పిందే నిజమో కాదో అని రోజూ లేఖనాలు తిప్పి చూశారు. దానికి పౌలు కోపగించుకోలేదు. వాళ్లు ఘనులని అపొస్తలుల కార్యాల్లో రాసి ఉంది. మీ అత్తగారు "దేవుడికే లెక్క అడుగుతావా" అంటే, లెక్క అడుగుతున్నది దేవుణ్ణి కాదని, దేవుడి పేరు చెప్పే మనిషిని అని నెమ్మదిగా చెప్పండి.

యేసు పేరు తీయడం చాలదు. "ప్రభువా, నీ నామంలో ప్రవచించాం, నీ నామంలో అద్భుతాలు చేశాం" అని వచ్చేవాళ్లతో మిమ్మల్ని నేనెరుగను అంటానని ఆయనే చెప్పాడు. మత్తయి ఏడో అధ్యాయం చదివించుకోండి.

తిత్లీ మాట. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున అది పలాస దగ్గర తీరం దాటింది. రెండు మూడు రోజుల ముందు నుంచే వాతావరణ శాఖ హెచ్చరిస్తూ ఉంది. తెల్లారి చూస్తే కొబ్బరి చెట్లూ జీడి తోటలూ నేలమట్టం. అంతా పడిపోయాక "నాకు ముందే దర్శనం వచ్చింది" అన్నవాళ్లను నేనే ముగ్గుర్ని విన్నాను. ముందే తెలిస్తే ఏ ఊరి పెద్దలకైనా చెప్పాడా, ఒక్క పడవనైనా ఒడ్డుకు లాగించాడా అని అడగండి. ఒకవేళ నిజంగానే చెప్పాడనుకోండి, అదీ చాలదు. గుర్తు నెరవేరినా సరే, ఆ మనిషి మిమ్మల్ని దేవుని మార్గం నుంచి పక్కకు తీసుకెళ్తుంటే వినవద్దని ద్వితీయోపదేశకాండము పదమూడో అధ్యాయం మొదట్లోనే ఉంది.

శాపం మాట నన్ను ఎక్కువగా బాధపెట్టింది. ఇచ్ఛాపురం నుంచి వజ్రపుకొత్తూరు దాకా ఏడు మండలాల్లో ఈ జబ్బు ఉంది. ఎన్ని పరిశోధనలు జరిగినా కచ్చితమైన కారణం ఇదీ అని ఎవరూ తేల్చలేదు. పలాసలో 2023లో కిడ్నీ పరిశోధనా కేంద్రం తెరిచింది ఆ వెతుకులాట కోసమే. రైతుకూ కూలికీ, గుడికి వెళ్లేవాళ్లకూ చర్చికి వెళ్లేవాళ్లకూ అందరికీ వస్తోంది. కారణం తెలియని చోట భయం ఉంటుంది. ఆ భయంలోకి ఎవరైనా ఏదైనా పోయవచ్చు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు "ఎవరు పాపం చేశారు, వీడా, వీడి తల్లిదండ్రులా" అని అడిగితే, వీడూ కాదు, వీడి తల్లిదండ్రులూ కాదు అన్నాడు యేసు. మీ మామగారి తండ్రి ఏ చెట్టుకు మొక్కాడో తవ్వి తీయనక్కరలేదు.

ఇప్పుడు నా ఇంటి సంగతి చెప్పాలి.

1978లో మా అప్పకు, అంటే మా అక్కకు, టీబీ వచ్చింది. మాది నరసన్నపేట దగ్గర పల్లె. అప్పటికి నేను నర్సింగు చదువుతున్నాను. ఆ రోజుల్లో టీబీకి ఏడాది, ఏడాదిన్నర మందులు వాడాలి. మొదట్లో స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు కూడా ఉండేవి. రెండు నెలలు తిరిగేసరికి జ్వరం పోయింది, దగ్గు తగ్గింది, అన్నం అడిగి పెట్టించుకుంది. సరిగ్గా అప్పుడే చెరువుగట్టు కింద పందిరి వేసి ఒక బోధకుడు మూడు రాత్రులు కూడికలు పెట్టాడు. మూడో రాత్రి అప్ప లేచి నిలబడి "ప్రభువు నన్ను బాగుచేశాడు" అని సాక్ష్యం చెప్పింది. అది అబద్ధం చెప్పలేదు. నిజంగానే దానికి బాగుంది. ఇంకా మాత్రలు మింగడం అవిశ్వాసం అన్నాడు బోధకుడు. మర్నాడు పొద్దున్నే అప్ప మందుల సంచి తీసుకెళ్లి చెరువులో విసిరేసింది. మా అమ్మ మాత్రం అందులోంచి ఒక గుప్పెడు ముందే తీసి, బియ్యం డబ్బాలో అడుగున దాచింది.

రెండు నెలల మందుతో టీబీ చావదు. నెమ్మదిగా తిరగబెట్టింది, ఈసారి ఆ మందులకు లొంగలేదు. 1980 ఎండల్లో అప్ప పోయింది. కొడుక్కి నాలుగేళ్లు. ఆ బోధకుడు మాకు కబురు పంపాడు: ఇంట్లో ఎవరో మాత్రలు దాచారు, ఆ అవిశ్వాసం చూసి దేవుడు స్వస్థత వెనక్కి తీసుకున్నాడు అని. అమ్మ ఎవరికీ చెప్పలేదు. అప్పే ఒకరోజు బియ్యం తీస్తూ ఆ మాత్రలు చూసి, కూడికలో ఒప్పుకుందట. మా అమ్మ ఆ తర్వాత ఇరవై రెండేళ్లు బతికింది. కూతుర్ని తనే చంపుకున్నానని నమ్ముతూ బతికింది. గ్లాసుతో బియ్యం కొలవడానికి డబ్బాలో చెయ్యి పెట్టినప్పుడల్లా ఒక్క క్షణం ఆగేది. నేను నర్సునై ఉండి జబ్బు సంగతి ఎన్నిసార్లు విడమరిచి చెప్పినా, ఆ కబురు ముందు నా మాట నిలవలేదు.

అప్పటి నుంచి ఏ బోధ విన్నా నేను ఒకటి చూస్తాను. ఈ మాట తప్పితే బరువు ఎవరి మీద పడుతుంది? ప్రవక్త చెప్పింది జరగకపోతే అది యెహోవా చెప్పిన మాట కాదు, ఆ ప్రవక్త అహంకారంతో చెప్పాడు, అతనికి భయపడవద్దు అంటుంది ద్వితీయోపదేశకాండము 18:22. అంటే తప్పిన మాట చెప్పినవాడి మెడకే చుట్టుకోవాలి. మీ దైవజనుడి బోధలో అలా ఉందా? మీ ఆయనకు బాగైతే అభిషేకం గొప్పది. బాగవకపోతే మీ విశ్వాసం తక్కువ, మీ తాతల పాపం ఎక్కువ, మీరు మిషనును నమ్మారు, పింఛను పూర్తిగా వేయలేదు. ఎటు తిరిగినా ఆయన మీద ఏమీ పడదు.

యేసు దగ్గర ఇది తలకిందులుగా ఉంటుంది. మూర్ఛరోగంతో ఉన్న పిల్లవాణ్ణి శిష్యులు బాగుచేయలేకపోయారు. మేమెందుకు చేయలేకపోయామని వాళ్లు అడిగితే "మీ అల్పవిశ్వాసం వల్లే" అన్నాడు. ఆ మాట ప్రార్థన చేసినవాళ్లతో అన్నాడు. పిల్లవాణ్ణి అనలేదు, తండ్రిని అనలేదు. ఆ తండ్రి అయితే "నమ్ముతున్నాను, నా అపనమ్మకానికి సాయం చెయ్యి" అని ఏడ్చాడు. సగం నమ్మకంతో వచ్చినవాడి కొడుకును కూడా ఆయన బాగుచేసి పంపాడు. ఈ కథ మత్తయి పదిహేడులో, మార్కు తొమ్మిదిలో ఉంది. మీ అత్తగారికి రెండూ చదివి వినిపించండి.

మందస ఆయన సాక్ష్యం గురించి. ఆయన అబద్ధం చెప్తున్నాడని నేను అనను, మా అప్ప చెప్పలేదు కదా. కిడ్నీ దెబ్బ తాత్కాలికమైతే కొందరికి తిరిగి కోలుకుంటుంది. కొందరికి ఇంకా కొంత మూత్రం వస్తూ ఉంటే కొన్నాళ్లు నెట్టుకొస్తారు. మీ ఆయన కిడ్నీలు వేరు. యేసు కుష్ఠరోగిని బాగుచేశాక ఏం చెప్పాడు? వెళ్లి యాజకునికి కనబరచుకో అన్నాడు. కుష్ఠు పోయిందో లేదో చూసి తేల్చేది ఆ రోజుల్లో యాజకుడే. తాను చేసిన అద్భుతాన్ని ఆయనే పరీక్షకు పంపాడు. ఆ మందస సోదరుణ్ణి కూడా రక్తపరీక్ష చేయించుకుని, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ ఎంతుందో సంఘం ముందు పెట్టమనండి. బాగైన మాట నిజమైతే నాకంటే సంతోషించేవాళ్లు ఉండరు.

డబ్బు. ఎలీషా ప్రవక్త, కుష్ఠు బాగైన నయమాను దగ్గర పైసా ముట్టలేదు. వెనక పరిగెత్తి రెండు తలాంతుల వెండి, రెండు జతల బట్టలు పుచ్చుకున్న ఎలీషా సేవకుడు గేహజీకి ఆ కుష్ఠే అంటుకుంది. "ఉచితముగా పొందితిరి ఉచితముగా ఇయ్యుడి" అన్నది స్వస్థపరచమని శిష్యులను పంపుతూ అన్న మాట, ఆ వచనం మొదలు చదివితే తెలుస్తుంది. తొలి సంఘాలు ఈ విషయంలో ఎంత గట్టిగా ఉండేవో 'దిదాఖే' అనే పాత గ్రంథంలో కనబడుతుంది. ఊళ్లు తిరిగే అపొస్తలుడు ఒకరోజు, అవసరమైతే రెండు రోజులు ఉండవచ్చు, మూడోరోజు కూడా ఉంటే అబద్ధ ప్రవక్త, వెళ్లేటప్పుడు దారికి రొట్టె తీసుకోవచ్చు, డబ్బు అడిగితే అబద్ధ ప్రవక్త అని అందులో సూటిగా రాశారు. ఆ 10,000 మీ ఆయన ప్రాణానికి ఆధారంగా వచ్చే డబ్బు. ఆటో ఖర్చులకీ, గుడ్డు పెట్టడానికీ, మందులకీ. అది ఆయనకే చెందాలి.

ప్రార్థన మానమని మాత్రం నేను చెప్పను. యాకోబు పత్రికలో రోగి సంఘ పెద్దలను పిలిపించుకోవాలని, వాళ్లు వచ్చి నూనె రాసి ప్రార్థన చేయాలని ఉంది. పెద్దలే ఇంటికి రావాలి. అందులో రేటు లేదు, స్టేజి లేదు. మీ పాత సంఘం అయ్యగారిని డయాలసిస్ నుంచి వచ్చిన సాయంత్రం ఇంటికి పిలవండి. పౌలు తన శరీరంలోని ముల్లు, అంటే తనను వేధించే బాధ, తీసేయమని మూడుసార్లు వేడుకుంటే "నా కృప నీకు చాలును" అని జవాబు వచ్చింది. తన తోటి పనివాడు త్రోఫిమును జబ్బుతోనే మిలేతులో విడిచి వచ్చానని ఆయనే రాశాడు. పౌలుకు విశ్వాసం తక్కువని మనలో ఎవరంటారు?

అత్తగారితో గొడవ పెట్టుకోకండి. ఆవిడ కొడుకు పోతాడన్న భయంతో అక్కడికి వెళ్తోంది, మా అమ్మలాంటి తల్లే. ఈసారి డయాలసిస్‌కి ఆవిడనూ వెంట తీసుకెళ్లి, ఎక్కించే ముందు బరువు, దించాక బరువు ఆవిడనే చూడనివ్వండి. ఎన్ని కిలోల నీరు దిగిందో ఆ అంకెలే చెప్తాయి.

ప్రశ్న: మాది చీపురుపల్లి దగ్గర సంఘం. నేను పెద్దల్లో ఒకణ్ణి. మందిరం పైకప్పు కోసం రెండేళ్లుగా కానుకలు పోగుచేశాం. కప్పు పడలేదు. లెక్కలు చూపమని మా కొత్త పాస్టరు గారిని అడిగాను. ఆ తర్వాతి ఆదివారం ఆయన "నేను అభిషేకించినవారిని ముట్టకూడదు" అనే వాక్యం మీద గంట ప్రసంగం చేశారు. అందరూ నావైపే చూశారు. నేను తప్పు చేశానా?
– ఒక సంఘ పెద్ద

జవాబు: అయ్యా, ఆ వాక్యం 105వ కీర్తనలోది. దాని పై వచనాలు చదవండి. అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు కొద్దిమందిగా దేశదేశాలు తిరుగుతుంటే రాజులు వాళ్లకు హాని చేయకుండా దేవుడు అడ్డుపడ్డాడన్నది అక్కడి సంగతి. లెక్కల ఊసు లేదు.

ఆ రాజుల్లో ఒకడు అబీమెలెకు. అబ్రాహాము తన భార్యను చెల్లెలని చెప్పాడు, అతను నమ్మి ఆమెను తీసుకెళ్లాడు. దేవుడు కలలో హెచ్చరించాడు, అతను ఆమెను తిరిగి పంపేశాడు. పంపే ముందు అబ్రాహామును పిలిచి ముఖం మీదే అడిగాడు: నువ్వు మాకు చేసిన పనేమిటి, ఏం చూసి ఇలా చేశావు? ఆదికాండము ఇరవయ్యో అధ్యాయం. దేవుడు ఆ అధ్యాయంలోనే అబ్రాహామును ప్రవక్త అన్నాడు. అయినా ప్రవక్తను ప్రశ్న అడిగినందుకు అబీమెలెకును దేవుడు ఏమీ అనలేదు. అబ్రాహాము కూడా జవాబు చెప్పాడు. ముట్టకూడదన్న మాటకూ అడగకూడదన్న మాటకూ ఎంత దూరమో ఆ ఒక్క కథలో ఉంది.

యెరూషలేము పేదల కోసం పోగైన కానుకను పౌలు ఒంటరిగా మోసుకెళ్లలేదు. సంఘాలు ఏర్పరచిన మనిషిని వెంటబెట్టుకున్నాడు. ఇంత పెద్ద మొత్తం విషయంలో మమ్మల్ని ఎవరూ తప్పుపట్టకూడదని, ప్రభువు దృష్టిలోనే కాక మనుషుల దృష్టిలోనూ సరిగా ఉండాలని రాశాడు (రెండో కొరింథీయులు 8:20, 21). అపొస్తలుడికి అక్కర్లేని మినహాయింపు మీ పాస్టరు గారికి ఎందుకు?

అయితే మీకూ ఒక మాట. లెక్కలు కమిటీలో, నలుగురి ఎదుట, చిట్టా పుస్తకం బల్ల మీద పెట్టి అడగండి. టీ కొట్టు దగ్గర అడగవద్దు. పెద్ద మీద నేరారోపణ ఇద్దరు ముగ్గురు సాక్షులు ఉంటేనే తీసుకోమని తిమోతికి పౌలు రాశాడు. డబ్బు ఎవరూ తినకుండానే, ఇనుము సిమెంటు ధరలు పెరిగి కప్పు ఆగిపోయిన మందిరాలు నేను చూశాను. కుర్ర పాస్టరుకు నెలనెలా జీతం సరిగా అందుతోందో లేదో కూడా ఆ కమిటీలోనే తేల్చండి. జీతం ఇవ్వకుండా లెక్క మాత్రం అడిగే సంఘాలూ మన దగ్గర ఉన్నాయి.

ప్రశ్న: నేను రాజాంలో డిగ్రీ చదువుతున్నాను. ప్రభువు రాకడ తేదీ బయటపడిందని వాట్సాప్‌లో ఒక వీడియో తిరుగుతోంది. లెక్కలన్నీ బైబిల్లోవే. చాలా టెన్షన్‌గా ఉంది, చదువు మీద మనసు నిలవడం లేదు. పరీక్ష ఫీజు కట్టాలా వద్దా?
– ఒక విద్యార్థిని

జవాబు: ఫీజు కట్టమ్మా. ఈ వారమే కట్టు.

ఆ దినమూ ఆ గడియా తండ్రికి తప్ప ఎవరికీ తెలియదని మత్తయి 24:36లో ఉంది. అమెరికాలో విలియం మిల్లర్ అనే ఆయన దానియేలు గ్రంథం నుంచి లెక్కలు కట్టి, ఎంతోమందిని నమ్మించాడు. చెప్పిన గడువు దాటిపోయింది. ఆయన అనుచరులు మళ్లీ లెక్కవేసి 1844 అక్టోబరు 22 అన్నారు. కొందరు పంట కోయకుండా పొలాల్లోనే వదిలేసి కూర్చున్నారు. ఆ రోజూ గడిచిపోయింది. మిల్లర్ మంచివాడే, మొదటి గడువు తప్పినప్పుడు పొరపడ్డానని బాహాటంగా ఒప్పుకున్నాడు కూడా. నీకు వచ్చిన వీడియో చేసినవాళ్లు తేదీ దాటాక ఆ పని చేస్తారో, వీడియో తీసేసి ఇంకొకటి పెడతారో చూడు.

ప్రశ్న: మాది బొబ్బిలి, నాలుగు తరాలుగా బాప్టిస్టులం. మా అమ్మాయిని సాలూరు లూథరన్ కుటుంబంలో ఇచ్చాం. ఇప్పుడు వాళ్లు మూడు నెలల పసివాడికి బాప్తిస్మం ఇస్తామంటున్నారు. మాకు నీటిలో ముంచే బాప్తిస్మం, అదీ విశ్వసించే వయసు వచ్చాకే. ఇది తప్పుడు బోధ కదా? వెళ్లకూడదని మా ఆయన పట్టుదలగా ఉన్నారు.
– ఒక అమ్మమ్మ

జవాబు: వదినగారూ, మీ వయసు నా వయసూ ఒకటే అనిపించి అలా పిలుస్తున్నాను.

నేనూ బాప్టిస్టునే. నాగావళిలో ముంచితే లేచినదాన్ని. పసిపిల్లల బాప్తిస్మం నాకు లేఖనాల్లో స్పష్టంగా కనబడదు, అడిగితే వాళ్ల ముఖం మీదే అంటాను. కానీ దీన్ని తప్పుడు బోధల జాబితాలో వేయవద్దు. యేసు దేవుని కుమారుడని, శరీరధారియై వచ్చాడని, సిలువలో చనిపోయి లేచాడని, కృప వల్లే రక్షణ అని వాళ్లూ మనలాగే నమ్ముతారు. యోహాను ఆత్మలను పరీక్షించమన్నాక వెంటనే ఇచ్చిన కొలత కూడా అదే, యేసుక్రీస్తు శరీరధారియై వచ్చాడని ఒప్పుకుంటుందా లేదా అని. నీళ్లు ఎన్ని అన్నది అక్కడ లేదు.

మన బొబ్బిలికి కెనడా బాప్టిస్టులు వచ్చారు. సాలూరుకు 1880లలో జర్మనీ నుంచి ష్లెస్విగ్ హోల్‌స్టైన్ లూథరన్లు వచ్చారు. అంతకు చాలా ముందే, 1805లో, విశాఖపట్నంలో దిగిన లండన్ మిషన్ వాళ్లు వేరు. తెలుగులో మొదటి సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయింది వాళ్ల శ్రమ వల్లే. వాళ్లూ పసిపిల్లలకు బాప్తిస్మం ఇచ్చేవాళ్లే. ఆ తెలుగు సువార్త పట్టుకునే కదా మన ముత్తాతలు విశ్వాసంలోకి వచ్చారు.

పాఠకులు గమనించాలి, ఈ నెల మొదటి ఉత్తరంలోని సంగతి ఒక రకం, ఇది ఇంకో రకం. అక్కడ ఒక మనిషి ప్రాణం పోతుంది. ఇక్కడ ఒక పసివాడి తల తడుస్తుంది, వాడు ఏడుస్తాడు, తర్వాత అందరూ భోజనం చేస్తారు. రెంటినీ ఒకే పేరుతో పిలిస్తే నిజంగా కేక వేయాల్సిన రోజు మన మాట ఎవరూ వినరు.

మీ ఆయనతో చెప్పండి, ఆయన అభిప్రాయం మార్చుకోనక్కరలేదు, మందిరంలో ముందు బెంచీలో కూర్చుంటే చాలు. బొబ్బిలి నుంచి సాలూరు ఎంతని. ఆ దారిలో నడిచిన రైల్లో నేనూ మా అప్ప కొడుకును ఒళ్లో పెట్టుకుని వెళ్లినదాన్నే. శనివారం సాయంత్రమే బయలుదేరండి. పిల్లవాడికి నూలు చొక్కా తీసుకెళ్లండి, ఆ లేసు గౌన్లు ఎండలో ఒరుసుకుంటాయి.